గుర్రం తల పట్టుకునేటోడి పేరు కూడా రాసుకోండి సారూ: పశువైద్యులకి ఒక బహిరంగ లేఖ

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల దిక్కు పశువుల దవాఖానల్ల పనిచేసే డాక్టర్ సార్లకి, మేడంలకి, ప్రైవేట్‌గ గుర్రాలు చూసేటోళ్లకి, నమస్తే.

నేను డాక్టర్‌ని కాదు, గుర్రం వస్తే తల కాడ నిలబడి కళ్లెం పట్టుకునేటోణ్ణి. మా తాత జట్కా తోలిండు, మా నాయిన పెండ్లి బరాత్‌లకి గుర్రం తిప్పిండు, నేను ఆ రెండూ వదిలేసి దవాఖానల అవుట్‌సోర్సింగ్ అటెండర్‌గ చేరిన. మన దిక్కు బర్రెలు, గొర్లు, మేకలు, కోళ్లతోనే డాక్టర్లకి పొద్దుగూకుతది, గుర్రం అంటే అలవాటున్నోళ్లు తక్కువ, అందుకే ఏ ఊర్ల గుర్రం పడిపోయినా "జర నువ్వొస్తే బాగుంటది రా" అని నాకు ఫోన్ వస్తది. గట్ల చాలా దవాఖానలు చూసిన, మంచి డాక్టర్లని చూసిన. గుర్రం నుంచి మనిషికి అంటుకునే జబ్బుల కాడ డాక్టర్‌తో పాటు మా లాంటోళ్లని గూడ లెక్కల పెట్టుకోండని చెప్పనీకె ఇది రాస్తున్న. ఎవ్వరి మీదా కంప్లైంట్ చేస్తలేను, ఏ దవాఖాన, ఏ సారు అని అడగకుండ్రి, చెప్పను.

కొన్నేండ్ల కింద, మే నెల, పెండ్లిళ్ల సీజన్. దేవరకొండ దిక్కు నుంచి ఒక చాచా తెల్ల గుర్రాన్ని టాటా ఏస్‌ల ఎక్కించుకొని తెచ్చిండు. రెండ్రోజుల సంది గడ్డి ముడుతలేదంట, నీళ్లు తాగబోతే ముక్కులకెళ్లి బయటికొస్తున్నయంట, మూతి కింద సొల్లు తీగలు తీగలుగ వేలాడుతుంది. "గొంతుల ఏదో ఇరికింది సాబ్, మక్క కంకి బెండు మింగినట్టుంది" అన్నడు. డాక్టర్ సారు చూసి నిజమే అయ్యుంటది అనుకున్నడు, నేను గూడ అనుకున్న, ఎవరికైనా గట్లనే అనిపిస్తది. నాలుక పక్కకి గుంజి పట్టుకో అన్నడు. నేను ఎడమ చేత్తో నాలుక పట్టి, కుడి చెయ్యి మణికట్టు దాక నోట్ల పెట్టి దవడ పండ్ల వెనక వెతికిన. ఏం దొరకలే. గ్లవ్స్ డబ్బా ఉండె గని అందుల రెండే మిగిలినయి, అవి సారు తొడుక్కున్నడు. నా బొటనవేలికి పొద్దున్నే కొండి గీసుకొని తెగింది, ఆ సొల్లు అండ్ల పడి చుర్రుమన్నది, ప్యాంట్‌కి తుడుచుకున్న. అంతే.

మర్నాటికి వెనక కాళ్లు తడబడుడు షురూ అయింది. ఆ తెల్లారి తన భుజాన్ని తనే కొరుక్కున్నది, తెల్లటి తోలు మీద ఎర్రగ. నాలుగో రోజు చచ్చిపోయింది. చాచా ఊర్లనే పాతిపెట్టిండు, మెదడు శాంపిల్ ఎవ్వరూ తియ్యలే, కాబట్టి అది రేబీసే అని ఇయ్యాల్టికీ నా దగ్గర రిపోర్ట్ లేదు. కాని ఐదో రోజు చాయ్ హోటల్ కాడ చాచానే కలిసి, నెలన్నర కింద ఒక కుక్క దాని మూతిని కరిచి పోయిందని మాటల మధ్యల అన్నడు, గంతనే, ఏదో వాన పడ్డదన్నట్టు. అప్పుడు తెలిసింది నాకు. సారుకి అంతకుముందే అనుమానం వచ్చిందంట, ఆయన వేరే కాడికి పోయి సూది వేయించుకున్నడు గూడ. నాకు చెప్పుడు యాదికి రాలే. చెడ్డోడని కాదు, ఆయన లెక్కల ఆ గుర్రాన్ని ముట్టుకున్నది ఆయనొక్కడే.

నేను పెద్దాసుపత్రికి పోతే చిట్టీ రాసేటాయన "కుక్క ఎక్కడ కరిచింది" అనడిగిండు. కరవలేదన్నా, గుర్రం సొల్లు అన్న. ఆయన నవ్విండు, వెనక లైన్ల ఉన్నోళ్లు గూడ నవ్విండ్రు, చివరికి చిట్టీ మీద కుక్క కాటు అనే రాసిండు ఎందుకంటే వేరే మాట రాస్తే లోపల సూది ఇయ్యరేమో అని ఆయన భయం. 0, 3, 7, 28 రోజులు, నాలుగు సార్లు పోయిన. తెగిన కాడ సొల్లు పడితే కుక్క కరిచినట్టే లెక్క, టీకా ఒక్కటే చాలదు, ఇమ్యునోగ్లోబులిన్ అనే వెంటనే కాపాడే సూది గూడ ఆ గాయంలనే ఇయ్యాలె అని నాకు ఆ డ్యూటీ డాక్టరమ్మ చెప్తేనే తెలిసింది. అంతకంటె ముందు, సొల్లు పడ్డ వెంటనే సబ్బు పెట్టి 15 నిమిషాలు ధార కింద కడగాలంట. 15 నిమిషాలు! మా దవాఖానల బోరు మోటార్ ఆన్ చేస్తే గని నల్లా రాదు, ఆ రోజు కరెంట్ గూడ లేదు.

బతికిన, బాగానే ఉన్న. ఆ 28 రోజులు ఇంట్ల గ్లాసు ఎవ్వరినీ ముట్టనియ్యలే, చిన్న బిడ్డని ఎత్తుకోలే, గట్ల ఎవ్వరూ చెప్పలే కాని నా భయం నాది.

ఇగ అసలు ముచ్చట. తర్వాత నేను పోయిన ఒక కాడ రాజేంద్రనగర్ల చదువుకొని వచ్చిన ఒక చిన్న డాక్టర్ మేడం ఉండె. గుర్రం లోపలికి రాకముందే ఆమె ఫోన్‌ల పది ప్రశ్నలడుగుతది: జ్వరం ఉన్నదా, ముక్కు కారుతుందా, నడక తేడా ఉన్నదా, కుక్క గాని నక్క గాని కరిచిందా, ఈ నెలల ఎక్కడెక్కడికి తీస్కపోయిండ్రు, దాని పక్కన ఇంకేమైనా చచ్చిందా, ఇంట్ల ఎవరికైనా జ్వరమొచ్చిందా. సగం జబ్బు గేటు బయటనే తెలిసిపోతది. అనుమానం ఉంటే గుర్రాన్ని గేటు లోపలికి రానియ్యదు, వేపచెట్టు కింద ఆపుతది, గొర్లు పట్టుకొని లైన్ల కూసున్నోళ్ల దగ్గరికి అస్సలు పోనియ్యదు. ఓనర్లు గులుగుతరు. గులగనియ్యి అంటది.

ఆమెనే నాకు హెండ్రా కథ చెప్పింది. ఆస్ట్రేలియాల బ్రిస్బేన్ కాడ హెండ్రా అని ఒక పేట, 1994ల అక్కడ రేసు గుర్రాలు వరుసబెట్టి చచ్చిపోయినయి, ముక్కులకెళ్లి నురగ, ఊపిరాడక. గబ్బిలాల నుంచి గుర్రాలకి, గుర్రాల నుంచి మనుషులకి వచ్చే కొత్త వైరస్ అది, ఆ పేట పేరే పెట్టిండ్రు. అప్పటి సంది మనుషులల్ల బయటపడ్డ కేసులు మొత్తం 7, అందుల 4 చచ్చిపోయిండ్రు. ఏడే గదా అనకుండ్రి, ఆ ఏడుగురు ఎవరో చూడుండ్రి. డాక్టర్లు ముగ్గురు. మిగిలిన నలుగురు? గుర్రాలకి ట్రైనింగ్ ఇచ్చేటాయన ఒకాయన, ఆయన లాయంల పనిచేసేటోడు ఒకడు, చచ్చిన గుర్రాలని కోస్తుంటే సాయం పట్టిన ఒక రైతు, దవాఖానల నర్సు ఒకామె. అంటే సగం కంటె ఎక్కువ నా లాంటోళ్లే! ఆ రైతుది ఇంకా ఘోరం, మొదట జ్వరమొచ్చి తగ్గిపోయింది, ఏడాది దాటినంక మెదడుకి ఎక్కి 1995ల పోయిండు. నర్సూ, ఆమెతోని పనిచేసిన డాక్టరూ 2008ల పడ్డరు, గుర్రానికి ఇంకా జబ్బు పైకి కనపడకముందే దాని ముక్కు లోపల కడిగే పని చేసిండ్రంట. నర్సు బతికింది, డాక్టర్ బతకలే. ఆ మరుసటేడు ఇంకో డాక్టర్ పోయిండు.

హెండ్రా మన దేశంల ఇప్పటిదాక కనపడలే, కనపడొద్దనే కోరుకుందాం. కాని దాని సుట్టం నిపా కేరళల ఉన్నది, 2018ల కోళికోడ్ దిక్కు లిని అనే నర్సు రోగికి సేవ చేసి చచ్చిపోయింది, అందరికీ యాదికుంటది. ఫిలిప్పీన్స్‌ల 2014ల నిపా లాంటి వైరస్‌తోనే 17 మంది పడ్డరు, అక్కడ గుర్రాలే మధ్యవర్తులు, జబ్బు గుర్రాన్ని చూసుకున్నోళ్లు, కోసి తిన్నోళ్లు పడ్డరు. ఆస్ట్రేలియాల 2012ల గుర్రాలకి హెండ్రా టీకా వచ్చింది, టీకా వెయ్యని గుర్రాన్ని ముట్టం అని తేల్చి చెప్పిన డాక్టర్లు గూడ ఉన్నరంట. మనం ఆ మాట ఇక్కడ అంటే ఓనర్ పక్క ఊరి ఆర్‌ఎంపీ లాంటోని దగ్గరికి పోయి ఏదో ఒక మందు రాయించుకొస్తడు, అది వేరే సంగతి.

మన దగ్గర ఉన్నయి చాలు భయపడనీకె. రేబీస్ చెప్పిన. ఇంకోటి గ్లాండర్స్. ఇది బ్యాక్టీరియా జబ్బు, గుర్రాలకి, గాడిదలకి, కంచర గాడిదలకి వస్తది, మనుషులకి అంటుకుంటది, దానికి టీకా లేదు. ముక్కులకెళ్లి జిగటగ పసుపుపచ్చ చీమిడి, లోపల పుండ్లు, కాళ్ల మీద దారం గుచ్చినట్టు వరుసగ గడ్డలు, పగిలితే చీము. గాడిదలకైతే తొందరగ ముదురుతది, గుర్రంలనైతే నెలల కొద్దీ లోపలనే ఉండి పైకి జలుబు లెక్క కనపడొచ్చు, ఆ గుర్రం మీదనే వారానికి ముగ్గురు పెండ్లికొడుకులు ఎక్కుతరు, పిల్లలు మూతి నిమురుతరు, ఫోటోలు దిగుతరు. మనిషికి చేతి గాటుల నుంచి, కండ్లల్ల పడితే, పీల్చినా రావచ్చు, వస్తే నెలల కొద్దీ మందులు.

మన దిక్కు గుర్రం ఎక్కణ్ణుంచి వస్తదో మీకు ఎరుకనే. నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతరల కొనుక్కొస్తరు, మార్వాడీ గుర్రం అని చెప్పి ఏదో ఒకటి అంటగడ్తరు, దాని రక్తం పరీక్ష ఎవ్వరూ అడగరు, సుడి ఎక్కడున్నదో మాత్రం అరగంట చూస్తరు! ఇటుక బట్టీల కాడ గాడిదలు, గల్లీలల్ల గాడిద పాలు పిండి గ్లాసు లెక్కన అమ్ముకుంట తిరిగేటోళ్ల గాడిదలు (చంటి పిల్లలకి తాపిస్తరు ఇంకా, ఏమన్న అంటే కొట్లాటకొస్తరు), జాతరల కాడ పిల్లల్ని ఎక్కించి తిప్పే పొట్టి గుర్రాలు, ఇవన్నీ ఒకే తొట్లె నీళ్లు తాగుతయి.

గ్లాండర్స్ పశువుల అంటురోగాల 2009 చట్టంల ఉన్న జబ్బు, అనుమానం వస్తే ఓనర్ గాని చూసుకునేటోడు గాని చెప్పాల్సిందే. శాంపిల్ హిసార్ల ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దాక పోవాలె, పాజిటివ్ అయితే వైద్యం లేదు, నొప్పి లేకుండ చంపి లోతుగ సున్నం వేసి పాతిపెట్టాలె. ఇది ఓనర్‌కి ఎవరు చెప్తరు, ఎప్పుడు చెప్తరు అనేదే అసలు కష్టం. మా నాయిన గుర్రం అప్పు చేసి కొన్నడు, ఆ అప్పు తీరనీకె మూడు సీజన్లు పట్టింది, ఆ మధ్యల ఎవరన్న వచ్చి రక్తం తీస్త అంటే మా నాయిన రాత్రికి రాత్రి గుర్రాన్ని కర్నూలు దాటించేటోడు, నాకు డౌట్ లేదు. పరిహారం స్కీమ్ ఉన్నదన్న ముచ్చట రక్తం తీసే రోజు కాకుండ, మామూలు రోజు, గిట్టలకి నాల్లు కొట్టించనీకె వచ్చినప్పుడు, నట్టల మందుకి వచ్చినప్పుడు చాయ్ తాగిపిచ్చి చెప్పండి. అప్పుడు వింటరు. పరీక్ష కాగితం లేని గుర్రం బరాత్‌కి పోవద్దు అని ఫంక్షన్ హాల్లోళ్లతోనే అనిపిస్తే ఇంకా మంచిది, అది నా ఐడియా, నవ్వుకుంటే నవ్వుకోండి.

ఇంకా ఒక మాట, చచ్చిన గుర్రం ముక్కులకెళ్లి, వెనక నుంచి గడ్డకట్టని నల్ల రక్తం కారుతుంటే దొమ్మ రోగం (ఆంత్రాక్స్) అనుకొని దాన్ని కొయ్యొద్దు. కోసి చూద్దాం అని సరదా పడే చిన్న సార్లు ఉంటరు, కత్తి పట్టేది వాళ్లు, పొట్ట చీల్చి పట్టుకునేది మేము.

మళ్ల మేడం కాడికి వస్త. ఒక రోజు పని లేక ఖాళీగ ఉంటే మా అందరికీ గ్లవ్స్, ఆప్రాన్, మాస్క్ వేయించింది, చేతుల మీద ఇంట్ల వాడే పసుపు చారెడు చల్లింది. ఇప్పుడు ఇవన్నీ విప్పుండ్రి, పసుపు ఒంటికి అంటకుండ, అన్నది. ఎంతసేపు, రెండు నిమిషాల పని గదా అనుకున్నం. విప్పినంక చూస్తే నా కుడి చెవి పసుపు, మెడ పసుపు, గడ్డం పసుపు, జేబుల ఫోన్ పసుపు! ఫోన్ ఎప్పుడు తీసిన్నో నాకే యాది లేదు, మా ఇంటామె ఫోన్ చేస్తే ఎత్తిన్నంట. మా సీనియర్ అటెండర్‌కైతే మాస్క్ ముందర పట్టి గుంజుతే పెదవుల మీద అంటింది. తొడుక్కునేటప్పుడు కాదు, విప్పేటప్పుడే అంటుకుంటది అని ఆమె ఒక్క మాట అనకుండనే మాకు అర్థమైంది. తర్వాత సున్నంతోని నేల మీద గీత గీసింది, ఈ దిక్కు మురికి, ఆ దిక్కు సాఫ్. గీత అవతల ఒక మనిషి ఊరికెనే నిలబడి చూడాలె, "అన్నా చెవి ముట్టుకుంటున్నవ్" అని అరవాలె, అదే వాని డ్యూటీ, గుర్రాన్ని ముట్టుకోవద్దు. గడ్డం ఉన్నోళ్లకి ఎన్-95 సరిగ్గ ఆనదని గూడ అప్పుడే చెప్పింది, మా సీనియర్ మూడు రోజులు ఆలోచించి గొరిగించుకున్నడు.

నల్గొండ ఎండల, 43 డిగ్రీలల్ల, ఆ సూట్ వేసుకొని నిలబడుడు మీరు పుస్తకంల చదివినంత ఈజీ కాదు సారు. పావుగంటకి కండ్ల అద్దాలు మసకబడ్తయి, చెమట బూట్లలకి కారుతది, అప్పుడే మనిషి చెయ్యి మొఖం మీదికి పోతది. అందుకే అనుమానం ఉన్న గుర్రాన్ని పొద్దుగాల 6 గంటలకి చూడండి, మిట్టమధ్యాహ్నం కాదు. లోపలికి పోయేది ఇద్దరే ఉండాలె, పది మంది గుంపు వద్దు. నోట్ల చెయ్యి పెట్టుడు, ముక్కుల పైపు వేసుడు, పండ్లు అరగదీసుడు లాంటియి రిపోర్ట్ వచ్చేదాక ఆపండి, సచ్చేటట్టు ఉంటే తప్ప. బ్లీచింగ్ నీళ్లు లద్ది మీద పోస్తే ఉత్తదే, ముందు లద్ది ఎత్తి కడిగి, అప్పుడు పొయ్యాలె. ఆ గుర్రం బకెట్, తాడు, దానికి దాణా వేసే మనిషి, అన్నీ వేరే. ఆ మనిషి ఇంటికిపోయి మళ్ల సొంత గుర్రాలకి దాణా వెయ్యొద్దు, ఇది ఎవ్వరూ చెప్పరు.

మాకు కావాల్సింది పెద్దగ ఏం లేదు. మాకు గూడ ముందస్తు రేబీస్ టీకా, 0, 7, 28 రోజులు, మూడు సూదులు, అవి ఉంటే తర్వాత ఏదన్న అంటినా రెండు సూదులతోని అయిపోతది, ఇమ్యునోగ్లోబులిన్ కోసం ఉరుకుడు ఉండదు. మోచేత్తో తిప్పే నల్లా ఒకటి, కరెంట్ లేకున్నా నీళ్లొచ్చే డ్రమ్ము. గ్లవ్స్ రెండు జతలే ఉంటే, ఒకటి మీకు, ఒకటి తల కాడ ఉన్నోనికి, మూడో మనిషి దూరం జరుగుడు. ఇంకా ఒక రిజిస్టర్. గుర్రం వచ్చిన రోజు దాన్ని ముట్టుకున్న ప్రతి మనిషి పేరు, ఫోన్ నంబర్: ఓనర్, వాని కొడుకు, టాటా ఏస్ డ్రైవర్, నేను. రిపోర్ట్ ఏదొచ్చినా, రాకున్నా, అనుమానం వచ్చిన నాడే అందరికీ ఒకటే ఫోన్. ఆ రోజు నాకు ఆ ఫోన్ వస్తే మూడు రోజులు ముందు సూది పడుండేది.

నల్గొండ స్టేషనరీ షాపుల 120 రూపాయలకి గట్టి అట్ట రిజిస్టర్ ఒకటి కొని నా బ్యాగ్‌ల పెట్టుకొని తిరుగుతున్న, మొదటి పేజీల నా పేరే రాసుకున్న. మీ దవాఖానల పసుపు ప్రాక్టీస్ చేద్దాం అంటే ఏ ఆదివారమైనా పొద్దుగాల 6 గంటలకి వస్త, ట్రావెల్ ఖర్చు గూడ వద్దు. మా ఇంట్ల ఒక ముసలి గాడిద ఉన్నది, పోయిన నెలనే దాని రక్తం పరీక్ష చేయించిన, కాగితం ఉన్నది, తన్నదు, కొంచెం కొరుకుతది. పసుపు నేనే తెస్త. మీరు పాత చొక్కా వేసుకొని రండి, ఫోన్ బండిల పెట్టి రండి.

ఇట్లు,
తల కాడ నిలబడేటోడు